స్కార్‌బరోలో అమ్మానాన్నలతో, పిల్లలతో: ఒక్క రోజు చాలా, రెండు రాత్రులు ఉండాలా?

చిన్నిపడవ
జూన్ 21

అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటాం. అమ్మానాన్న మా దగ్గరికి వచ్చి నెల దాటింది. నాన్నకి 71 ఏళ్లు. ఎంత దూరమైనా నడుస్తారు. పాత కట్టడం కనబడితే దాని మీదున్న ప్రతి అక్షరం చదవందే కదలరు. అమ్మకి 66. మోకాళ్లు అరిగాయి. మెట్లు ఎలాగో ఎక్కుతుంది గానీ దిగాలంటే ప్రాణం మీదికొస్తుంది. పిల్లల్లో బాబుకి తొమ్మిది, పాపకి ఐదు.

దిగిన రోజు నుంచీ అమ్మ ఒకటే మాట: "చుట్టూ సముద్రం ఉన్న దేశం అన్నారు, ఒక్కసారైనా చూపించరా?" అని. బళ్లకు సెలవులివ్వగానే, జూలై ఆఖరి వారంలో తూర్పు తీరాన ఉన్న స్కార్‌బరో తీసుకెళ్దామనుకుంటున్నాం. ఆఫీసులో ఒకాయన పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు అన్నాడు. ఇంకొకావిడ అది మా అమ్మమ్మల కాలం ఊరు, ఇప్పుడేముంది అక్కడ అంది. వెళ్లినవాళ్లు చెప్పండి. ఎన్ని రోజులు? అమ్మ సముద్రం దాకా దిగగలదా? పిల్లలకి, నాన్నకి ఒకేచోట పొద్దుపోతుందా?


రైలుకిటికీ
జూన్ 21

రెండు రాత్రులు ఉండండి. ఒక్క రోజులో వెళ్లొస్తే ఊరు చూడరు, ఊళ్లో పరుగెత్తి వస్తారు.

కారు వద్దు, రైల్లో వెళ్లండి. యార్క్ నుంచి 50 నిమిషాలు. ఆ లైను 1845లో పడింది. అంతకుముందు డబ్బున్నవాళ్లే గుర్రబ్బండ్ల మీద వచ్చేవాళ్లు. రైలొచ్చాక మిల్లుల్లో పనిచేసేవాళ్లు కూడా సెలవు రోజున సముద్రం చూడటం మొదలైంది. స్టేషన్లో ఒకటో ప్లాట్‌ఫాం పొడవునా గోడకి ఆనించి ఒకే బెంచీ ఉంటుంది, 139 మీటర్లు. సాయంత్రం తిరుగు రైళ్ల కోసం కాచుకునే జనం కోసం వేసింది. ప్రపంచంలో రైల్వే బెంచీల్లో అంత పొడవుది ఇంకోటి లేదంటారు. పిల్లలకి చూపించండి.

ఇక అమ్మగారి మోకాళ్ల సంగతి. ఊరంతా కొండ అంచున ఉంటుంది, సముద్రం బాగా కింద. స్టేషన్ నుంచి నడిస్తే చివరి భాగమంతా దిగుడే. కానీ ఈ కష్టం ఇక్కడివాళ్లు నూటయాభై ఏళ్ల కిందటే తీర్చుకున్నారు. కొండవాలు మీద పట్టాలేసి రెండు పెట్టెల్ని తాడుతో కట్టి నడిపే లిఫ్టులున్నాయి. స్పా (ఒడ్డున పాత ఊట ఉన్నచోటు, ఇప్పుడు కచేరీలు జరిగే భవనం) దగ్గరున్న సౌత్ క్లిఫ్ లిఫ్ట్ 1875ది, బ్రిటన్‌లో ఈ తరహాలో మొట్టమొదటిది. మొదట్లో దాన్ని నడిపిన పద్ధతి నాకు భలే ఇష్టం. పైనున్న పెట్టె అడుగున తొట్టి ఉంటుంది, దాన్ని సముద్రపు నీళ్లతో నింపేవాళ్లు. బరువెక్కి అది దిగుతుంటే తాడుకి రెండో కొసనున్న పెట్టె పైకొచ్చేది. కిందికి చేరాక నీళ్లు వదిలేయడమే. ఇప్పుడు కరెంటుతో నడుస్తోంది. రెండోది సెంట్రల్ ట్రామ్‌వే, 1881ది. గ్రాండ్ హోటల్ పక్కన ఎక్కితే నేరుగా ఇసుక ముందు దింపుతుంది.

గ్రాండ్ హోటల్‌ని బయటినుంచైనా నిదానంగా చూడండి. 1867లో తెరిచారు. కుత్‌బర్ట్ బ్రోడ్రిక్ అనే వాస్తుశిల్పి ఏడాది మొత్తాన్ని ఇటుకల్లో కట్టాడు: ఋతువులకి నాలుగు బురుజులు, నెలలకి పన్నెండు అంతస్తులు, వారాలకి 52 పొగగొట్టాలు, రోజులకి 365 గదులు. మీ బాబు చేత బురుజులు లెక్కపెట్టించండి.


కొండగోగు
జూన్ 22

నేను ఒప్పుకోను. పోయినేడాది ఆగస్టు బ్యాంక్ హాలిడేకి, అంటే దేశమంతటికీ సెలవు రోజున, వెళ్లాం. కారు ఆపడానికే ముప్పావుగంట తిరిగాం. సముద్రం ముందు రోడ్డంతా నాణేలేసి ఆడే మెషీన్ల దుకాణాలు, ఒకదాని మోత ఇంకోదాని మీద. ఇసుక చూద్దామంటే నాలుగు చాపల జాగా లేదు. మా అమ్మాయి చిప్స్ పొట్లం విప్పిందో లేదో సీగల్ వచ్చి గుప్పెడు ఎత్తుకుపోయింది. పిల్ల వేలు గీరుకుంది, గంటసేపు ఏడ్చింది. ఆ తర్వాత వాన. పెద్దవాళ్లని తీసుకెళ్లి అక్కడ ఇబ్బంది పెట్టకండి.


ఉప్పుగాలి
జూన్ 22

కొండగోగు గారూ, మీరు పడ్డ ఇబ్బంది నిజమే. కానీ ఊళ్లో సగమే, అదీ ఏడాదిలో అతి రద్దీ రోజున, చూసి వచ్చారు. నేను ఆ ఊళ్లో ఆరేళ్లు ఉన్నాను. కొంచెం వివరంగా చెప్తాను, చిన్నిపడవ గారికి పనికొస్తుంది.

స్కార్‌బరోకి సముద్రం రెండు. మధ్యలో కోట ఉన్న కొండకొమ్ము సముద్రంలోకి చొచ్చుకుపోయింది, దానికి దక్షిణాన సౌత్ బే, ఉత్తరాన నార్త్ బే. సౌత్ బేలో రేవు, దుకాణాలు, గాడిద సవారీలు, ఐస్‌క్రీం, సందడి. నార్త్ బేలో రంగురంగుల చెక్క గదుల వరస, పచ్చిక వాలు, గాలి. రెంటినీ కలుపుతూ కొండ పాదం చుట్టూ మెరైన్ డ్రైవ్ అనే రోడ్డు, 1908లో తెరిచింది. ఒక చివర నుంచి ఇంకో చివరకి మొత్తం చదునే. అమ్మగారు ఓపిక ఉన్నంత నడిచి, మిగతాది సముద్రం ముందు తిరిగే బస్సులో కూర్చోవచ్చు.

అన్నిటికంటే ముందు ఆటుపోట్ల పట్టిక చూసుకోండి. ఈ ఒక్క పని చేయకే చాలామంది విసుక్కుంటూ వెనక్కొస్తారు. నీళ్లు ఒడ్డుకి ఎగదన్నేది పోటు, వెనక్కి తగ్గేది పాటు. పోటుకీ పోటుకీ నడుమ దాదాపు పన్నెండున్నర గంటలు. పోటు మీద వెళ్తే సౌత్ బేలో ఇసుక సన్నటి పట్టీలా మిగులుతుంది. జనమంతా ఆ పట్టీ మీదే కూర్చోవాలి మరి. నార్త్ బేలో అయితే కొన్నిచోట్ల అలలు గోడనే తాకుతాయి. అదే పాటు మీద వెళ్లండి, రెండువైపులా మైదానం పరిచినట్టు తడి ఇసుక. అంతమందీ ఎక్కడికి పోయారా అనిపిస్తుంది. పాటు మొదలైన రెండు గంటలకి చేరుకుని, మళ్లీ నీళ్లు తిరిగేదాకా ఉండండి. పిల్లలకి నార్త్ బేలో రాళ్ల మధ్య నీటిగుంటలు దొరుకుతాయి, వాటిలో పీతలు, నత్తలు, పిసరంత రొయ్యలు.

నీళ్లలో దిగే విషయంలో జాగ్రత్త. సౌత్ బే నీటి నాణ్యతకి ఇటీవలి ఏళ్లలో 'పూర్' అని గ్రేడు ఇచ్చారు, స్నానం వద్దని బోర్డు పెట్టారు. ఆ రోజు బోర్డు మీద ఏముందో చదివి, పిల్లల్ని నార్త్ బేలోనే దింపండి. నడివేసవిలో కూడా నీళ్లు 14, 15 డిగ్రీలు దాటడం అరుదు. పిల్లలకి వెట్‌సూట్, అంటే చలి ఆపే ఈత దుస్తులు, ఉంటే మంచిది.

ఇంకొకటి, సీ ఫ్రెట్. చల్లటి నార్త్ సీ మీదికి వెచ్చటి గాలి రాగానే తేమ పొగమంచుగా మారి ఒడ్డుకి వస్తుంది. లీడ్స్‌లో ఎండ కాస్తుంటే ఇక్కడ పది అడుగుల అవతల మనిషి కనపడడు. భయపడకండి, చాలాసార్లు మధ్యాహ్నానికి విడిపోతుంది. అలాంటి పొద్దున కోసం లోపల కూర్చుని చూసేది ఒకటి దాచిపెట్టుకోండి. ఒంటికి స్వెటర్ కూడా.

సీగల్స్ గురించి: చిప్స్ ఎత్తుకుపోయేవి హెర్రింగ్ గల్స్. గోడకి వీపు ఆనించి, పొట్లం మూసుకుని తినండి, వెనకనుంచి రాలేవు. కోట కొండకీ, గ్రాండ్ హోటల్ కిటికీ గట్లకీ వేలాడుతూ గూళ్లు కట్టేవి వేరే, వాటి పేరు కిట్టివేక్. రెక్కల కొసలు సిరాలో ముంచినట్టు నల్లగా ఉంటాయి, తమ పేరే అరుస్తాయి. అవి సముద్రంలో చేపలు తింటాయి తప్ప మన జోలికి రావు. జూలై చివర్లో పిల్లలతో సహా కనపడతాయి, ఆగస్టులో సముద్రం మీదికి వెళ్లిపోతాయి. దయచేసి రెంటినీ ఒక గాటన కట్టకండి.


రాతిపలక
జూన్ 23

నాన్నగారి కోసం నేను రాస్తాను.

ఈ ఊరు ఎందుకు పుట్టిందో అక్కడినుంచే మొదలుపెట్టండి, అంటే స్పా నుంచి. 1626 ప్రాంతంలో ఊరావిడ ఒకామె ఇసుక ఒడ్డున నడుస్తుంటే కొండ అడుగునుంచి కారే నీళ్లు రాళ్లకి ఎర్రటి మరక పట్టించడం గమనించింది. తాగి చూస్తే చేదు. జబ్బులకి మంచిదని పేరొచ్చింది. 1660లో రాబర్ట్ విటీ అనే వైద్యుడు ఆ నీళ్ల మీద పుస్తకం రాశాక దూరప్రాంతాల నుంచి రోగులు వచ్చారు. ఊట నీళ్లు తాగడానికి వచ్చినవాళ్లే పక్కనే ఉన్న సముద్రంలోనూ మునగడం మొదలుపెట్టారు. 1730ల నాటి ఒక చిత్రంలో ఇదే ఒడ్డున చక్రాల మీద కట్టిన గది కనిపిస్తుంది. లోపల బట్టలు మార్చుకుంటే దాన్ని నీళ్లలోకి లాక్కెళ్లేవాళ్లు. ఒడ్డున సెలవులు గడిపే అలవాటు ఇంగ్లండ్‌లో వేళ్లూనింది ఇక్కడే. ఎవరైనా 'అమ్మమ్మల కాలం ఊరు' అంటే నాకు బాధేస్తుంది. ఎనిమిది తరాల ముత్తవ్వలు నడిచిన ఒడ్డు అది.

రోటుండా మ్యూజియం తప్పక చూపించండి. 1829లో కట్టిన గుండ్రటి భవనం. ఇంగ్లండ్ భూపొరల పటం గీసిన విలియం స్మిత్ ఆలోచన అది. నేలలో ఏ పొర మీద ఏ పొర ఉంటుందో అదే వరసలో శిలాజాలు లోపలి గోడ చుట్టూ అమర్చాలన్నాడు. అంటే గదిలో నిలబడి కింద నుంచి పైకి చూస్తే భూమి వయసు చదువుతున్నట్టే. గ్రిస్‌థార్ప్ మనిషి అస్థిపంజరం కూడా అక్కడే ఉంది. 1834లో దొరికింది, సుమారు నాలుగు వేల ఏళ్ల నాటిది. ఓక్ మాను తొలిచి అందులో పడుకోబెట్టారు. ఆ చెక్కలోని రసం ఇంకి ఎముకలు నల్లబడ్డాయి. ఫ్రెట్ పట్టిన పొద్దున దాచుకోవాల్సింది ఇదే. వారంలో ఏ రోజులు తెరుస్తారో ముందే చూసుకోండి.

కోటకి సగం పూట కేటాయించండి. ఆ కొమ్ము మీద నాలుగో శతాబ్దపు రోమన్ల కాపలా బురుజు పునాదులున్నాయి. పన్నెండో శతాబ్దపు రాజు రెండో హెన్రీ కట్టించిన పెద్ద బురుజు ఉంది. దాన్ని చూస్తే కత్తితో నిలువునా కోసినట్టు ఒక పక్క గోడే ఉండదు. ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో, 1645 ముట్టడిలో ఫిరంగులు పడగొట్టాయి. 1914 డిసెంబర్ 16 పొద్దున జర్మన్ యుద్ధనౌకలు ఊరి మీదా కోట మీదా గుళ్లు కురిపించాయి. రేవులోని దీపస్తంభం అప్పుడే దెబ్బతింది, ఇప్పుడున్నది తర్వాత కట్టింది.

కోటకి వెళ్లే దారిలోనే సెయింట్ మేరీస్ చర్చి. అక్కడ రచయిత్రి ఆన్ బ్రాంటే సమాధి. క్షయతో ఉన్న మనిషి, సముద్రపు గాలికి ఊపిరి తేలికవుతుందని అక్క షార్లెట్‌తో కలిసి వచ్చింది. వచ్చిన మూడో రోజున, 1849 మే 28న, పోయింది. ఆమె బస చేసిన ఇల్లు ఉన్నచోటే తర్వాత గ్రాండ్ హోటల్ లేచింది. రాయి మీద వయసు 28 అని చెక్కారు, నిజానికి 29. ఉప్పుగాలికి రాయి పొరలు పొరలుగా రాలిపోతోంది. 2013లో ముందు ఒక పలక పెట్టి వయసు సరిచేశారు.

చర్చి దాకా ఎక్కుడు బాగా ఉంటుంది. అమ్మగారు ఆ పూట రేవు దగ్గరే ఉండటం మంచిది.


ఇసుకగూడు
జూన్ 23

అక్కా, పిల్లల సంగతి నేను చెప్తాను. మా పిల్లలిద్దరిదీ అదే వయసు.

రేవు గోడ మీద కూర్చుని పీతలు పట్టించు. దారం, చిన్న వల సంచి, బకెట్ అక్కడి దుకాణాల్లోనే దొరుకుతాయి. సంచిలో చిన్న బేకన్ ముక్కో చేప ముక్కో పెట్టి గోడ పక్కనే, అడుగు తాకేదాకా వదలాలి. దారం చూపుడువేలు మీద వేసుకుని ఊరుకోమను. పీత పట్టుకుంటే వేలికి చిన్న లాగుడు తెలుస్తుంది. అప్పుడు గబుక్కున లాగితే వదిలేస్తుంది, చాలా మెల్లగా పైకి తేవాలి. బకెట్‌లో సముద్రపు నీళ్లే పోయాలి. ఒకేసారి నాలుగైదు కంటే ఎక్కువ ఉంచొద్దు, ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ఎండలో ఎక్కువసేపు పెట్టకుండా పట్టినచోటే వదిలేయమని చెప్పు. గోడ ఎత్తు, కింద లోతు. పాపని ఒళ్లో కూర్చోబెట్టుకునే చేయించు.

నార్త్ బే వైపు పీస్‌హోం పార్క్. 1912ది, జపాన్ తోటల పద్ధతిలో చెరువు మధ్య లంక, దాని మీద పగోడా, పక్కన జలపాతం, హంస ఆకారపు పడవలు. వేసవిలో వారంలో కొన్ని రోజులు ఆ చెరువులో ఓడల యుద్ధం ఆడతారు, 1927 నుంచీ ఉన్న ఆట. బొమ్మ యుద్ధనౌకలే, కానీ చాలావాటి లోపల మనిషి నక్కి కూర్చుని నడుపుతుంటాడు. ఫిరంగుల మోత, పొగ, మంటలు. మా వాడు మూడు రోజులు దాని గురించే మాట్లాడాడు. ఏ రోజుల్లో ఉందో ముందే చూసుకుని దాన్ని బట్టి బయల్దేరు.

ఆ పార్కు పక్కనుంచే చిన్న రైలు. 1931 నుంచీ నడుస్తోంది, పట్టాల మధ్య వెడల్పు 20 అంగుళాలే. కిలోమీటరున్నర లోపే దూరం, స్కాల్బీ మిల్స్ దాకా, సముద్రం పక్కనే. అమ్మమ్మ కూడా హాయిగా కూర్చోవచ్చు.


చిన్నిపడవ
జూన్ 24

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్. రెండు రాత్రులే అని నిర్ణయించేశాం. ఇంకో రెండు అడుగుతాను. గది కింద సముద్రం ముందు తీసుకోవాలా, పైన తీసుకోవాలా? అమ్మానాన్న శాకాహారులు. చిప్స్ అయితే తింటారు, అవి తిని సర్దుకోవచ్చు కదా?


ఇసుకగూడు
జూన్ 24

అక్కా, చిప్స్ విషయంలో ఆగు! యార్క్‌షైర్‌లో చాలా చిప్స్ షాపుల్లో వేయించేది నూనెలో కాదు, బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే గొడ్డు కొవ్వులో. పాతకాలం నుంచీ అదే పద్ధతి, రుచి దానివల్లే అంటారు. బోర్డు మీద 'ట్రెడిషనల్' అని ఉంటే ఇంకా గట్టిగా అడుగు. కూరగాయల నూనెతో చేసేవాళ్లూ ఉన్నారు, ముందే ఫోన్ చేసి అడిగి పెట్టుకో. నాకు ఈ సంగతి తెలిసింది మా అత్తయ్యగారు సగం పొట్లం తిన్నాక. ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు, ఆ బరువు నా మీదే ఉంది.

పిల్లలకి రాక్ కొనిపెట్టు, నిలువు పంచదార కడ్డీ. ఎక్కడ విరిచినా లోపల ఊరి పేరు ఉంటుంది. రంగు పాకంతో ఒక్కో అక్షరాన్ని పొడుగు దిమ్మలా కట్టి, అన్నీ పక్కపక్కన పేర్చి, చుట్టూ తెల్ల పాకం చుట్టి, మనిషి ఒడిలో పట్టనంత లావు దుంగ చేస్తారు. తర్వాత దాన్ని దొర్లిస్తూ సాగదీస్తారు. సాగేకొద్దీ అక్షరాలు కూడా సన్నబడతాయి.


ఉప్పుగాలి
జూన్ 24

పైనే తీసుకోండి, సౌత్ క్లిఫ్‌లో, ఎస్‌ప్లనేడ్ రోడ్డు దగ్గర్లో. రోడ్డంతా చదును, బెంచీలు వరసగా, కింద సముద్రం మొత్తం కనిపిస్తుంది. 1875 లిఫ్ట్ అక్కడినుంచే స్పా దగ్గరికి దింపుతుంది. అమ్మగారు రోజుకి నాలుగుసార్లు దిగి ఎక్కినా ఒక్క మెట్టు తొక్కక్కర్లేదు. లిఫ్ట్ ఆఖరి వేళ ఎంతో మొదటి రోజే కనుక్కోండి.

స్పాలో వేసవిలో వాద్యబృందం వాయిస్తుంది. ఇలాంటి బృందాలు ఒకప్పుడు ప్రతి సముద్రపు ఊళ్లోనూ ఉండేవి. జీతమిచ్చి పోషించే బృందం బ్రిటన్‌లో మిగిలింది ఇదొక్కటే. వాన లేకపోతే ఆరుబయట కుర్చీలేస్తారు. వెనక కొండ, ముందు సముద్రం, గాజు తెరలు గాలి ఆపుతాయి. మీరు పిల్లల్ని తీసుకుని పీతలకి వెళ్లండి, అమ్మగారిని అక్కడ కూర్చోబెట్టండి.


రాతిపలక
జూన్ 25

సౌత్ క్లిఫ్‌లో దక్షిణం వైపు నడిస్తే ఒకచోట రోడ్డు పక్కన ఖాళీ పచ్చిక వాలు కనిపిస్తుంది. నాన్నగారికి చూపించండి. అక్కడ హోల్‌బెక్ హాల్ అనే పెద్ద హోటల్ ఉండేది. 1993 జూన్ మొదటి వారంలో కొండ అంచు కదిలి తోట సముద్రంలోకి జారింది, తర్వాత హోటల్ సగం దాని వెంటే వెళ్లింది. బంకమట్టి నానితే ఏమవుతుందో దేశమంతా టీవీలో చూసింది. బస చేసినవాళ్లని ముందే ఖాళీ చేయించారు, ఎవరికీ ప్రాణహాని కాలేదు.


వెన్నెలవాన
జూన్ 27

నాదొక్క మాట. ఈ ఊరిని వేసవికే అంటగట్టకండి. ఫిబ్రవరిలోనో మార్చిలోనో వచ్చే పాన్‌కేక్ మంగళవారం (ఈస్టర్ ముందరి ఉపవాసాలు మొదలయ్యే ముందు రోజు) నాడు గంట కొట్టగానే ఊరంతా సముద్రం ముందు రోడ్డు మీదికొచ్చి తాడాట ఆడుతుంది. పడవలు కట్టే లావు తాళ్లు, ఇద్దరు తిప్పుతుంటే ఐదారుగురు ఒకేసారి ఎగురుతారు. డెబ్బై ఏళ్లావిడ ఒకామె నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. తాడు తారు రోడ్డుకి తగిలి టప్‌టప్ మంటుంటే, ఉప్పు వాసన, చలికి కన్నీళ్లు. పదకొండు ఎగిరాను, ఆవిడ ఇంకా ఎగురుతూనే ఉంది.

2022 డిసెంబర్ ఆఖరున ఆర్కిటిక్ వాల్‌రస్ ఒకటి రేవులోకి వచ్చి పడవలు ఎక్కించే వాలు మీద పడుకుంది. థోర్ అని పేరు. దానికి విశ్రాంతి కావాలని, కొత్త సంవత్సరం బాణాసంచా ఆపేశారు. ఒక ఊరు తన పండుగని ఒక జంతువు నిద్ర కోసం మానుకుంది. నాకు ఆ ఊరంటే గౌరవం అప్పటినుంచి.


కొండగోగు
జూన్ 28

ఉప్పుగాలి గారు చెప్పాక ఆటుపోట్ల పట్టిక తీసి చూశాను. మేం వెళ్లినపూట సరిగ్గా నిండు పోటు! ఇది ముందే తెలిస్తే బాగుండేది. కారు ఆపడానికి ఊరి బయట ఏదైనా ఉందా?


రైలుకిటికీ
జూన్ 28

ఉంది. సీమర్ రోడ్డు మీదొకటి, ఫైలీ రోడ్డు మీదొకటి పార్క్ అండ్ రైడ్ ఉన్నాయి. కారు అక్కడ వదిలి బస్సులో రండి. బ్యాంక్ హాలిడే మాత్రం వద్దు.


చిన్నిపడవ
ఆగస్టు 3

వెళ్లొచ్చాం. మీరు ఇంత చెప్పాక వచ్చి చెప్పకపోతే బాగుండదు.

మొదటి రోజు పాటు మధ్యాహ్నం మూడింటికి. సరిగ్గా ఒంటిగంటకి సెంట్రల్ ట్రామ్‌వే ఎక్కాం. దిగాక అమ్మ చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది, రెండో చేత్తో చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుంది. తడి ఇసుక మీద చాలా దూరం నడిచింది. నేను చెయ్యి పట్టుకోబోతే వద్దంది, మెత్తగా ఉంది మోకాలికి ఏం తెలియట్లేదు అంది. మొదటి అల పాదం మీదికి రాగానే "అబ్బా, ఐసు!" అని అరిచింది గానీ వెనక్కి రాలేదు. స్నానం కాదు, పాదాలే తడుపుకుంది. నిలబడి దణ్ణం పెట్టుకుంది. పాప కూడా పక్కన నిలబడి పెట్టింది.

రెండో పొద్దున కిటికీ తెర తీస్తే సముద్రమే లేదు. అంతా తెలుపు. మీరు ముందే చెప్పకపోతే బ్యాగులు సర్దేసేవాళ్లం. రోటుండాకి వెళ్లాం. నాన్న ఆ నల్లటి ఎముకల ముందు అరగంట నిలబడ్డారు. బయటికి వచ్చేసరికి పొగమంచు కొండ మీదికి పాకుతోంది, కోట బురుజు కొస ఒక్కటే పైన తేలుతోంది.

అమ్మని స్పాలో వదిలి మేం రేవుకి వెళ్లాం. బాబు ఏడు పీతలు పట్టాడు, పాప రెండు. నాన్న ఒక్కరే చర్చిదాకా ఎక్కి వచ్చారు. రాయి మీద అంకె సరిగా కనపడలేదట, వేలితో తడిమి ఎనిమిదే అని నిర్ధారించుకున్నారట. "కన్నవాళ్లుండి వయసు తప్పు రాయడం ఎంత అన్యాయం" అని రాత్రి భోజనం దగ్గర కూడా అదే మాట. మేం తిరిగొచ్చేసరికి అమ్మ, పక్క కుర్చీలో ఒక పెద్దావిడ, ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, బిస్కెట్లు పంచుకుని తింటున్నారు. అమ్మ కాలితో తాళం వేస్తోంది. మోకాలు నొప్పి ఉన్న కాలే.

ఓడల యుద్ధం మాత్రం మేమున్న రోజుల్లో లేదు. ఇసుకగూడు చెప్పింది వినకుండా గది ముందే తీసుకున్నాం, బాబు బాగా నిరాశపడ్డాడు. చిన్న రైలు ఎక్కించి ఊరడించాం. చిప్స్ కూరగాయల నూనెవి దొరికాయి, గోడకి ఆనుకునే తిన్నాం.

తిరుగు రైలుకి ముందు అమ్మ ఆ పొడుగు బెంచీ ఈ చివర కూర్చుంది. పాప ఆ చివరిదాకా పరుగెత్తి అక్కడినుంచి చెయ్యి ఊపింది. అమ్మ ఊపుతూనే నాతో అంది, సెప్టెంబర్లో ఊరెళ్లేముందు ఇంకోసారి తీసుకొస్తావా అని. అందుకే అడుగుతున్నాను. అప్పటికి వాద్యబృందం ఉంటుందా? చలి ఎక్కువా?


రైలుకిటికీ
ఆగస్టు 3

మామూలుగా సెప్టెంబర్లో కూడా కొన్ని వారాలు వాయిస్తారు. స్పా వాళ్ల కచేరీల పట్టిక చూసి తేదీ ఖాయం చేసుకున్నాకే టికెట్లు కొనండి. బళ్లు తెరిచేస్తారు కాబట్టి గదులు తేలిగ్గా దొరుకుతాయి.


ఉప్పుగాలి
ఆగస్టు 4

గాలి చల్లబడుతుంది, కిట్టివేక్‌లు ఉండవు. కానీ సముద్రం నేల కంటే ఆలస్యంగా వేడెక్కి ఆలస్యంగా చల్లారుతుంది. సెప్టెంబర్ మొదట్లో ఆ నీళ్లు మీరు చూసిన జూలై నీళ్ల కంటే ఏమాత్రం చల్లగా ఉండవు, ఒక పిసరు వెచ్చగానే ఉండొచ్చు. అమ్మగారికి చెప్పండి. పాటు వేళ మాత్రం మళ్లీ చూసుకోండి.